మీ షెడ్డులో క్షిపణి మందు ఉంది... మీకు తెలుసా?

కిర్రుమనే గేటు బందు మీద, తుప్పు పట్టిన తాళం మీద మీరు కొట్టే డబ్ల్యూడీ-40 స్ప్రే అసలు ఇళ్ల కోసం పుట్టిందే కాదు, మీకు తెలుసా? 1953లో అమెరికాలోని శాండియాగోలో ‘అట్లాస్’ క్షిపణి ఒంటికి తుప్పు పట్టకుండా దాన్ని తయారుచేశారు. 39 సార్లు కుదరలేదు, నలభయ్యోసారి కుదిరింది. పేరులోని 40 అదే! ఉద్యోగులు డబ్బాలను చాటుగా ఇంటికి పట్టుకెళుతుంటే, దీన్ని బజార్లో కూడా అమ్మొచ్చని కంపెనీకి వెలిగింది. మీ గేటు పూసుకుంటున్నది క్షిపణి మందు మరి. కాస్త గర్వపడమనండి!

ఆ మిశ్రమానికి పేటెంటే లేదంటే నమ్ముతారా? పేటెంటు కావాలంటే అందులో ఏమేం కలిపారో రాసివ్వాలి. అందుకే అడగనే లేదు. ఆ కాగితాన్ని బ్యాంకు లాకర్లో పెట్టి తాళం వేశారు, ఆవకాయ కొలతలు కోడలికి చెప్పని అత్తగారిలా!

పైపులకీ, పగిలిన బకెట్లకీ చుట్టే వెండిరంగు డక్ట్ టేపు వెనక ఒక అమ్మ ఉంది, మీకు తెలుసా? వెస్టా స్టౌట్ అమెరికాలో మందుగుండు ఫ్యాక్టరీ కార్మికురాలు. ఇద్దరు కొడుకులు నౌకాదళంలో ఉన్నారు. తూటాల పెట్టెలకు వేసే కాగితం టేపు యుద్ధం మధ్యలో చటుక్కున ఊడి రావట్లేదని ఆవిడ బెంగ. గుడ్డతో గట్టి టేపు చేయమంటే పైవాళ్లు వినలేదు. 1943లో నేరుగా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కే బొమ్మ గీసి ఉత్తరం రాసేసింది. టేపు వచ్చేసింది! అమ్మ ఫిర్యాదు చేస్తే ఏ ఆఫీసైనా కదలాల్సిందే.

అదే టేపు చంద్రుడి మీద మడ్‌గార్డు కూడా అతికించింది. 1972, అపోలో-17. వ్యోమగామి జీన్ సెర్నన్ దగ్గరున్న సుత్తి తగిలి చంద్రుడి బండి మడ్‌గార్డు విరిగింది. బండి కదిలితే చాలు, ఒంటినిండా దుమ్మే. నాలుగు మ్యాపులను టేపుతో కలిపి అతికించి, కొత్త మడ్‌గార్డుగా బిగించారు. కోట్ల డాలర్ల బండికి మన వీధి చివర మెకానిక్కు చేసే వైద్యమే!

సూపర్ గ్లూను మొదట ‘పనికిరాదు’ అని పక్కన పడేశారు, మీకు తెలుసా? 1942లో కొడాక్ శాస్త్రవేత్త హ్యారీ కూవర్ తుపాకీ గురికి పారదర్శకమైన ప్లాస్టిక్కు కోసం వెతుకుతూ దీన్ని చూశారు. దానిమీద వచ్చిన ఫిర్యాదు ఒక్కటే: తగిలిన ప్రతిదానికీ అంటుకుపోతోందట! 1951లో ఆయన బృందంలోనే ఖరీదైన పరికరం అద్దాలు రెండు దానివల్ల అతుక్కుపోయాక, ఆ తప్పే దాని గొప్ప అని తెలిసింది. 1958లో అమ్మకానికి వచ్చింది.

వేళ్లు అంత తొందరగా ఎందుకు అతుక్కుంటాయంటారా? అది గట్టిపడేది తేమ తగిలితేనే. చర్మం మీద తేమకు కొదవేముంది! పోలీసులు దాని ఆవిరి పట్టించి దొంగల వేలిముద్రలు కూడా తేలుస్తారు. మీ వేళ్లనూ వదలదు, దొంగ వేళ్లనూ వదలదు.

మన వడ్రంగుల తెల్ల బంక ఫెవికాల్ 1959లో పుట్టింది. దాన్ని తెచ్చిన బల్వంత్ పరేఖ్ లా చదివారు. కానీ ప్రాక్టీసు పెట్టకుండా ఒక కలప వ్యాపారి దగ్గర ప్యూనుగా కూడా పనిచేశారు. విడగొట్టే కేసులు వద్దనుకుని, అతికించే పని ఎంచుకున్నారన్నమాట!

నాలుగు పలకల గుంట ఉన్న స్క్రూ కెనడాలో ఒకాయన చేయి తెగడం వల్ల వచ్చింది, మీకు తెలుసా? పీటర్ రాబర్ట్‌సన్ స్క్రూడ్రైవర్లు అమ్మేవాడు. పాత గీత స్క్రూ మీద జారిన స్క్రూడ్రైవర్ ఆయన చేతిలోనే దిగింది. 1908కల్లా జారని స్క్రూ తయారు! హెన్రీ ఫోర్డ్ మెచ్చి, హక్కులు తన చేతికి ఇమ్మన్నాడు. రాబర్ట్‌సన్ ససేమిరా అన్నాడు. ఆ సందులో అమెరికన్ హెన్రీ ఫిలిప్స్ ప్లస్ గుర్తు స్క్రూ దూరింది, 1936లో క్యాడిలాక్ కార్లలో. మీ డబ్బాలో ప్లస్ స్క్రూలే నిండి ఉండటానికి కారణం ఒక మనిషి మొండితనం!

అర మిల్లీమీటరు తేడాకు ఏమవుతుందిలే అనుకుంటున్నారా? 1990 జూన్ 10. బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌కు బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం. ముందురోజే పైలట్ ముందరి అద్దం మార్చారు. దాన్ని బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన లావు కన్నా 0.66 మిల్లీమీటర్లు సన్నం. కంటికి ఆనదు. 17 వేల అడుగుల ఎత్తులో అద్దం ఎగిరిపోయింది. కెప్టెన్ సగం శరీరం కిటికీలోంచి బయటికి వెళ్లిపోయింది! విమానం దిగేదాకా, 20 నిమిషాలకు పైగా, సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకునే నిలబడ్డారు. ఆయన బతికారు, అందరూ బతికారు. కొన్ని నెలల్లోనే ఆయన మళ్లీ విమానం నడిపారు కూడా! ఇక మీదట షాపులో ‘సైజు దాదాపు అదేనండీ’ అని బోల్టు చేతిలో పెడితే ఏం చేస్తారో మీ ఇష్టం.

మర చుట్లు కలవక ఒక ఊరి నడిబొడ్డే తగలబడింది! 1904లో అమెరికాలోని బాల్టిమోర్‌లో నిప్పంటుకుంటే పక్క ఊళ్ల ఫైరింజన్లు పరుగెత్తుకొచ్చాయి. గొట్టాల మర చూస్తే ఊరికొక రకం. బాల్టిమోర్ కుళాయిలకు ఎక్కితే కదా! నీళ్లున్నాయి, గొట్టాలున్నాయి, కలిపే దారి లేదు. 1500కు పైగా భవనాలు బూడిద.

సైకిల్ ఎడమ పెడల్‌ను ఎప్పుడైనా విప్పారా? మామూలుగా తిప్పితే ఊడదు, ఇంకా బిగుసుకుంటుంది. దాని మర తిరగబడి ఉంటుంది. తొక్కుతుంటే దానంతట అది ఊడిపోకుండా ఈ ఏర్పాటు. తెలియక బలంకొద్దీ తిప్పి పానా వంచినవాళ్లు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. ఇలా ఊడిరాని పెడళ్లను 1900లోనే అమ్మిన సైకిల్ షాపు ఎవరిదో తెలుసా? రైట్ సోదరులది!

ఆ షాపు మెకానిక్కు చార్లీ టేలరే మొదటి విమానం ఇంజన్ చేశాడు. ఆరు వారాలు, 12 హార్స్‌పవర్. ప్రొపెల్లర్లను తిప్పింది గొలుసులే, సైకిల్ పద్ధతిలోనే! 1903లో ఆ విమానం మొదటిసారి ఎగిరింది 12 సెకన్లు. ఈ పేరా చదవడానికి పట్టినంత సేపు కూడా కాదేమో.

ప్రపంచంలో తొలి దూరప్రయాణపు కారు రిపేరు చేసింది మెకానిక్కు కాదు, ఒక ఇల్లాలు! నాకు వీటన్నింటిలోకీ బాగా నచ్చిన ముచ్చట ఇదే. 1888 ఆగస్టు. కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల బండిని ఆయనకు చెప్పకుండా భార్య బెర్తా బయటికి తీసింది. ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు, పుట్టింటికి, వందకు పైగా కిలోమీటర్లు! దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తెరిచింది. కరెంటు తీగ బయటపడితే మేజోళ్ల పట్టీ చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఇంధనం అయిపోతే మందుల షాపులో కొంది. అవును, మందుల షాపే! వీస్‌లోఖ్ ఊళ్లోని ఆ షాపు ఇప్పుడు ప్రపంచంలోనే మొదటి పెట్రోలు బంకుగా పేరుకెక్కింది. టూల్‌కిట్టు? టోపీలోనూ మేజోళ్లలోనూ!

అంతకు ముందు ఏడాది, 1887లో, బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు జాన్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపులు చూడలేక, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. గాలి టైరు! 1888లో పేటెంటు కూడా వచ్చింది. తర్వాత తెలిసింది, 1845లోనే రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండ్ ఆయన ఇదే కనిపెట్టేశాడని. పేటెంటు గాలి పోయింది, టైరు గాలి నిలిచింది.

గోడకు ఫొటో తగిలించేముందు కన్నంలో దోపే రాల్‌ప్లగ్గు మ్యూజియం కోసం పుట్టింది, మీకు తెలుసా? 1911లో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో గోడలు పాడవకుండా కరెంటు సామాను బిగించాలి. జాన్ రాలింగ్స్ జనపనారను, జంతువుల రక్తంతో చేసిన జిగురును కలిపి దాన్ని చేశాడు. రక్తం! మీ ఇంట్లోది ప్లాస్టిక్కేలెండి, భయపడకండి.

ఇప్పటి నైలాన్ ప్లగ్గును 1958లో తెచ్చిన జర్మన్ ఆర్టర్ ఫిషర్ పేరిట ఎన్ని పేటెంట్లు? 1100కు పైనే! పుట్టిన పాపకు ఫొటో తీయడానికి వెలుతురు కుదరక కెమెరా ఫ్లాష్ పద్ధతి కూడా కనిపెట్టాడు. ఫొటో తీసిందీ ఆయన సాయమే, గోడకు తగిలించిందీ ఆయన సాయమే.

తుపాకీలా పట్టుకుని మీట నొక్కే డ్రిల్లింగ్ మిషన్‌కు 1917లో పేటెంటు తీసుకున్నారు బ్లాక్, డెకర్. ఈ కంపెనీకి పెట్టుబడి కోసం 1910లో బ్లాక్ తన కారు అమ్మేశాడు. తర్వాత వాళ్ల డ్రిల్లు చంద్రుడి దాకా వెళ్లింది. కారు అమ్మినందుకు మంచి బేరమే!

పెయింటర్లు తడిపి రుద్దే వాటర్ పేపరు తెలుసుగా? దాన్ని కనిపెట్టిన ఫ్రాన్సిస్ ఓకీ ఆ గరుకు కాగితంతోనే గడ్డం గీసుకోవచ్చని అందరికీ నచ్చజెప్పబోయాడు. నచ్చజెప్పడమేనా, తాను రుద్దుకున్నాడు కూడా! ఆ బేరం మాత్రం ఒక్క చెంపనూ గెలవలేదు.

ఇక మనవాళ్ల సంగతి! నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కొలిమిల్లో తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి కూర్చునేవారు, మీకు తెలుసా? ప్రసిద్ధమైన డమాస్కస్ కత్తుల వెనక ఉన్నది ఈ రకం ఉక్కే. దాని గుట్టు తేల్చాలని 1820 ప్రాంతంలో లండన్‌లో కుస్తీ పట్టిన శాస్త్రవేత్త ఎవరో కాదు, మైకేల్ ఫారడే!

కోయంబత్తూరు తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు ఒక ఇంగ్లిష్ దొర మోటార్‌సైకిల్ చూసి మనసు పారేసుకున్నారు. హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి ఆ బండే కొన్నారు. కొని ఏం చేశారు? ఎక్కి తిరిగారా? ముందు మొత్తం విప్పేశారు! మళ్లీ బిగించారు. ఆ చేతులే 1920లో బస్సు నడిపాయి, 1937లో దేశవాళీ కరెంటు మోటారు తయారీలో భాగమయ్యాయి.

ఒక్క చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు నూలు చుట్టడానికి, చేయి ఎన్నిసార్లు అటూఇటూ తిప్పాలో చెప్పగలరా? సుమారు 9 వేల సార్లు! ఆలేరు దగ్గర శారాజీపేటలో తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్లతరబడి ముక్కాముక్కా కూర్చి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తిచేశారు. నాలుగైదు గంటల పని గంటన్నరలో అయిపోతోంది. 2017లో పద్మశ్రీ నడుచుకుంటూ వచ్చింది.

హైదరాబాద్ జూపార్కు దగ్గర బర్గర్ నడుస్తుంది, బూటు నడుస్తుంది, కమోడు కూడా నడుస్తుంది! అన్నీ సుధాకర్ యాదవ్ పాత సామాన్లతో చేసిన కార్లే. 2005 జులై 1న ఆయన నగరంలో తొక్కిన మూడు చక్రాల సైకిల్ ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. ఒక్కో పెద్ద చక్రం అడ్డకొలతే 17 అడుగులు. గిన్నిస్ రికార్డు! పంక్చరైతే ఎవరు దింపుతారో మాత్రం అడక్కండి.

రంపపు మిషన్‌లో వేలు పెడితే? స్టీవ్ గాస్ పెట్టాడు, కావాలనే! చర్మం తగిలిందని కరెంటు ద్వారా పసిగట్టి 5 మిల్లీసెకన్లలోపే ఆగిపోయే రంపం ఆయనది. మొదట సాసేజ్‌లతో పరీక్షించి, చివరికి సొంత వేలు పెట్టి చూపించాడు. వేలు మిగిలింది. మీరు మాత్రం సాసేజ్ దగ్గరే ఆగండి.

కారు షెడ్డులోంచి ఏం వస్తుంది, పాత టైర్లు తప్ప అంటారా? 1939లో పాలో ఆల్టోలో 538 డాలర్లతో ఒక షెడ్డులోంచి హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ వచ్చింది. అక్కడ చేసిన ఆసిలేటర్లు (శబ్దాన్ని పరీక్షించే పరికరాలు) ఎనిమిదింటిని వాల్ట్ డిస్నీ సంస్థ కొంది. 2000లో ఆ షెడ్డున్న ఇంటిని కంపెనీ కొనడానికి పెట్టింది 17 లక్షల డాలర్లు!

ఇంకో షెడ్డు. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ఫైరింజన్ల షెడ్డులో 1901లో వెలిగించిన బల్బు ఇప్పటికీ వెలుగుతోంది. 2013లో ఒకరోజు ఆరిపోతే ఊరంతా గుండె పట్టుకుంది. చూస్తే పాడైంది బల్బు కాదు, యూపీఎస్!

పానా ఎక్కడో పెట్టి మరిచిపోయారా? బాధపడకండి. 2008లో హైడీ పైపర్ అనే వ్యోమగామి చేతిలోంచి సామాన్ల సంచీ అంతా అంతరిక్షంలోకి జారిపోయింది. ఖరీదు లక్ష డాలర్లు! నెలల తరబడి భూమి చుట్టూ తిరిగి 2009లో కాలిపోయింది. 2012లో అంతరిక్ష కేంద్రం బయట ఒక మొండి బోల్టు దిగకపోతే వ్యోమగాములు సునీతా విలియమ్స్, అకిహికో హోషిడే దేంతో శుభ్రం చేశారో తెలుసా? పళ్లు తోముకునే బ్రష్షు! 2014లో అదే కేంద్రానికి ఒక పానా కావాల్సొస్తే భూమ్మీద నుంచి దాని డిజైన్‌ను పంపారు, నాలుగు గంటల్లో అక్కడే అచ్చయింది. రాకెట్టు కన్నా ముందు మెయిల్ చేరింది!

ఆఖరి ప్రశ్న. కొలత టేపు చివర ఇనుప కొక్కెం కాస్త వదులుగా ఆడుతుంటుంది, ఎందుకు? పాడైందా? కాదు! సరిగ్గా ఆ కొక్కెం మందమంతే అది ముందుకూ వెనక్కూ కదులుతుంది. అంచుకు తగిలించి లాగినా, గోడకు ఆనించి నొక్కినా కొలత తేడా రాకుండా కావాలనే అలా చేస్తారు. కాబట్టి దయచేసి, ఆ రివెట్లను సుత్తితో కొట్టి బిగించకండి!