పుకారు పట్టిన పురము

గుంపునకు వెఱ్ఱి యెత్తు విధమును ఇటలీ రచయిత మంజోనీవలె చూపినవారు అరుదని మా యభిప్రాయము. ఆయన 1827లో ప్రకటించిన 'ఇ ప్రొమెస్సి స్పోజి' నవలలో, 1630లో మిలాను నగరమున ప్లేగు చెలరేగినది. దుర్మార్గులు గోడలకు విషలేపనము పూయుచున్నారని పుకారు. చర్చిలో ఎనుబదియేండ్లు దాటిన వృద్ధు డొకడు కూర్చుండబోవుచు పైవస్త్రముతో బల్లను తుడిచెను. అంతే! విషము పూయుచున్నాడని స్త్రీలు కేకలిడిరి. జనులాతని నెరసిన జుట్టు పట్టి యీడ్చిరి. కథానాయకుడు రెంజో ఒక యింటి తలుపు తట్టి నిలిచినందులకే తరుమబడి, శవముల బండి నెక్కి బ్రతికెను. ఆ బండివారును ఆతడు విషము పూయువాడనియే నమ్మి మెచ్చుకొనిరి!

ఇది కేవల కల్పన కాదు. వృద్ధుని గాథ నాటి చరిత్రకారుడు రిపామోంతి వ్రాసినదే. ఆరోగ్యశాఖోద్యోగి పియాజ్జా గోడకు చేయి రాచుచు నడచెనని కిటికీనుండి చూచిన యొక స్త్రీ చెప్పగా, న్యాయాధిపతు లాతనిని హింసించి, ఆతనినోట మోరా యను క్షురకుని పేరు పలికించి, యిరువురను చంపించిరి. గుంపును భయము తొందరపెట్టినది. న్యాయాధిపతులకు విచారించుటకు తీరిక యుండెను గదా! మోరా యింటిని కూల్చి అచ్చట నిలిపిన యపకీర్తి స్తంభము 1778 వరకు నిలిచియుండెను.