స్కానింగులో ఏమీ లేదు, బిడ్డకు నొప్పి మాత్రం నిజమే

వేసవి సెలవులు అయిపోయి బడులు తెరిచే జూన్ నెలలో మా పిల్లల ఓపీకి ఒక రకం కేసులు ఎక్కువగా వస్తాయి. జ్వరం ఉండదు, వాంతులు ఉండవు. "బిడ్డకు కడుపు నొస్తాంది సార్, ఆర్నెల్లుగా ఇదే బాధ" అంటుంది తల్లి. పక్కన అవ్వ చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులో ప్రొద్దుటూరులో ఒకసారి, కడపలో ఒకసారి తీయించిన స్కానింగు రిపోర్టులు, నాలుగైదు టానిక్ చీటీలు. రెండింటిలోనూ రాసింది ఒకటే: అంతా మామూలుగానే ఉంది.

కమలాపురం వైపు నుండి వచ్చిన ఒక ఏడేళ్ళ పాపను పరీక్ష చేస్తుంటే బొడ్డు చుట్టూ నాలుగు కాలిన మచ్చలు కనబడ్డాయి. వాతలు పెట్టించారు. అవ్వ తల దించుకుంది. ఆమెను మేము కోప్పడలేదు. స్కానింగులో ఏమీ లేదన్నారు, నొప్పి మాత్రం పోలేదు, ఇక ఆమె ఏం చేస్తుంది? తండ్రి మాట వేరు. "బడి ఎగ్గొట్టడానికి నాటకాలాడుతోంది సార్, రెండు తగిలిస్తే అదే పోతుంది" అన్నాడు. మాకు తెలిసినంతలో ఇద్దరిదీ పొరపాటే. పాపకు దాగి ఉన్న పెద్ద రోగమూ లేదు, ఆమె నాటకమూ ఆడటం లేదు.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జాన్ ఏప్లీ అనే పిల్లల వైద్యుడు, నోరా నేయిష్ అనే వైద్యురాలు కలిసి వెయ్యిమంది బడి పిల్లలను పరిశీలించి 1958లో ఒక వ్యాసం ప్రచురించారు. సుమారు పదిమందిలో ఒకరికి ఇలా మళ్ళీ మళ్ళీ వచ్చే కడుపునొప్పి ఉందని తేలింది. నొప్పి బొడ్డుకు ఎంత దూరంగా ఉంటే అంతగా లోపల రోగం ఉందేమో చూడాలని ఏప్లీ చెప్పిన మాటను డాక్టర్లు ఈనాటికీ గుర్తుచేసుకుంటారు. మన పిల్లల్లో చాలామంది సరిగ్గా బొడ్డు మీదే చేయి పెట్టి చూపిస్తారు.

నొప్పి నెలలో కనీసం నాలుగు రోజులు, అలా రెండు నెలలకు పైగా వస్తూ, దొడ్డికి పోవడంతో ముడిపడి ఉండి, విరేచనం పలుచనగానో గట్టిగానో మారుతూ ఉంటే దానిని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, క్లుప్తంగా ఐ.బి.ఎస్. అంటారు. మలబద్ధకం తగ్గగానే నొప్పి కూడా పోతే అది ఐ.బి.ఎస్. కాదు, మలబద్ధకమే. అందుకే ముందు దానికి వైద్యం చేసి చూస్తాము.

నొప్పి ఎక్కడి నుండి వస్తుంది?

పేగు గోడలో కోట్లాది నరకణాలు ఉన్నాయి. అవి పగలూ రాత్రీ మెదడుతో మాట్లాడుతూనే ఉంటాయి. పరీక్ష రోజున పెద్దవాళ్ళకు కూడా కడుపులో తిప్పినట్లు ఉండటం మనందరికీ తెలిసిందే. కొందరు పిల్లల్లో ఈ నరాలు మరీ సున్నితమవుతాయి. గాలి కాస్త కదిలినా, మలం కాస్త నిండినా అది మెదడుకు నొప్పిగానే చేరుతుంది. రేడియోలో శబ్దం పెంచి వదిలేసినట్లు అనుకోండి. స్కానింగు యంత్రం వాపును, గడ్డను, రాయిని చూపిస్తుంది. నరాల సున్నితత్వాన్ని చూపించలేదు.

చాలాసార్లు ఇది ఒక విరేచనాల జబ్బు తరువాత మొదలవుతుంది. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ అనే చిన్న ఊరిలో పెద్ద వానలు పడి, పశువుల పేడ కలిసిన నీరు ఊరి బావిలోకి దిగింది. రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. ఆ ఊరి పిల్లలను ఎనిమిదేళ్ళపాటు గమనించారు. అప్పుడు జబ్బుపడిన పిల్లల్లో నూటికి పదిమందికి ఐ.బి.ఎస్. వచ్చింది. జబ్బుపడని వారిలో నూటికి ఇద్దరు ముగ్గురికే. 2021 నవంబరు వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలిపోవడం మన కళ్ళతో చూశాము. అలాంటి రోజుల్లో బోరు నీళ్ళయినా సరే కాచి చల్లార్చి ఇవ్వమని మేము పదేపదే చెప్పేది ఆనాటి విరేచనాల కోసమే కాదు, ఆ తరువాత ఏళ్ళ తరబడి వేధించే నొప్పి కోసం కూడా.

అయితే అన్ని కడుపునొప్పులూ ఇదే అనుకోకూడదు. బిడ్డ బరువు తగ్గుతున్నా, ఈడు పిల్లలతో సమానంగా ఎదగకపోయినా, మలంలో రక్తం పడినా, నొప్పికి నిద్రలోంచి లేచి ఏడ్చినా, పసరు వాంతులైనా, జ్వరం విడవకుండా వస్తున్నా, కీళ్ళు వాచినా, నొప్పి కుడివైపు కింద నిలిచిపోయినా ఆలస్యం చేయకుండా తీసుకురండి. మన ప్రాంతంలో టైఫాయిడ్‌నూ, పేగుల క్షయనూ మరువలేము. ఇవేవీ లేక, బిడ్డ ఎదుగుదల బాగుండి, మామూలు రక్త, మల పరీక్షలు సరిగా ఉంటే మూడో స్కానింగు అవసరం లేదు. ఇంకో స్కానింగు తీయించే కొద్దీ "నాకేదో ఉంది, డాక్టర్లకు దొరకడం లేదు" అని బిడ్డ మనసులో పడిపోతుంది. నులిపురుగుల మందు కూడా అంతే. 2015 నుండి జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరిట బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ మాత్ర మింగిస్తున్నారు. అది వేయించండి. నొప్పి వచ్చిన ప్రతిసారీ షాపులో కొని తాగించకండి. పెద్దలు వాడే నొప్పి మాత్రలు అసలే వద్దు, వాటివల్ల కడుపులో పుండ్లు పడతాయి.

అడగకుండా ఉండటం

మేము ముఖ్యంగా చెప్పదలచినది ఇది. పొద్దున లేవగానే "కడుపు ఎట్లుంది నాయనా? నొస్తాందా?" అని అడగవద్దు. ప్రేమతోనే అడుగుతారు, మాకు తెలుసు. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో లిన్ వాకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎనిమిది నుండి పదహారేళ్ళ పిల్లలకు కడుపు బిగిసేదాకా నీళ్ళు తాగించి చూశారు. కొందరు తల్లిదండ్రులను "నొస్తోందా, పాపం" అని పట్టించుకోమన్నారు. కొందరిని మాట మళ్ళించమన్నారు. మరికొందరికి ఏమీ చెప్పలేదు. 2006లో వెలువడిన ఫలితం ఇది: ఏమీ చెప్పని వారితో పోలిస్తే, నొప్పిని పట్టించుకున్న చోట పిల్లలు దాదాపు రెట్టింపుసార్లు బాధ చెప్పుకున్నారు. మాట మళ్ళించిన చోట అది సగానికి తగ్గింది. మాట మళ్ళించినందువల్ల హాయిగా ఉందని పిల్లలే చెప్పారు. కానీ నొప్పితో బాధపడే పిల్లల తల్లిదండ్రులు మాత్రం, అలా మళ్ళిస్తే బిడ్డకు చెడు జరుగుతుందేమోనని భయపడ్డారు. మా ఓపీలో కూర్చున్న తల్లులదీ ఇదే భయం.

అంటే నొప్పిని కొట్టిపారేయమని కాదు. బిడ్డ వచ్చి చెబితే ఒక్కసారి ఒప్పుకోండి. "అవును తల్లీ, నొస్తాందని నాకు తెలుసు. కాసేపటికి తగ్గుతుంది. రా, జడ వేస్తా." అంతే, ఆ పైన జడ గురించో, బడి గురించో మాట్లాడండి. కావాలంటే వేడినీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి పొట్టమీద పెట్టండి. వాము నీళ్ళు రెండు గుక్కలు తాగించినా తప్పులేదు.

బడి మాన్పించవద్దు. నొప్పి ఉన్న రోజున ఇంట్లో టీవీ, కూల్‌డ్రింకు, అమ్మ ఒడి దొరికి, నొప్పి లేని రోజున ఇవేవీ దొరకకపోతే పేగులు కూడా ఆ లెక్క నేర్చుకుంటాయి. బిడ్డ మోసం చేస్తున్నదని కాదు, శరీరం తీరే అంత. గంట ఆలస్యమైనా సరే, బడికే పంపండి. టీచరుతో ముందే మాట్లాడి, అవసరమైనప్పుడు అందరి ముందూ అడగకుండా మరుగుదొడ్డికి వెళ్ళనిమ్మని చెప్పండి. బడిలో దొడ్డి శుభ్రంగా లేదని సాయంత్రం దాకా బిగపట్టుకునే ఆడపిల్లలు ఎందరో. సగం నొప్పి అక్కడే పుడుతుంది. ఉదయం ఏదైనా తిన్న తరువాత ఐదు పది నిమిషాలు తొందర లేకుండా కూర్చోబెట్టడం అలవాటు చేయండి.

సంఘంలోని పెద్దలకు కూడా ఒక మనవి. ఆదివారం ఆరాధన అయ్యాక పాపను పిలిచి అందరి ఎదుట "కడుపునొప్పి తగ్గిందామ్మా?" అని అడగకండి. ప్రార్థన విన్నపాల్లో వారం వారం ఆమె పొట్ట పేరు చదవకండి. ఇంట్లో తప్పక ప్రార్థించండి. యాయీరు కుమార్తెను లేపిన తరువాత ప్రభువు ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు గదా. పిల్లను మామూలు పిల్లలాగే చూడటం అంటే అదేనని మాకు అనిపిస్తుంది.

తిండి సంగతి క్లుప్తంగా చెబుతాము. రాగిసంగటి, జొన్నరొట్టె, పప్పు, మజ్జిగ, ఏదీ మాన్పించే పని లేదు. పీచు ఒక్కసారిగా పెంచితే గాలి పెరుగుతుంది, మెల్లగా పెంచండి. పాలు తాగిన రోజే నొప్పి వస్తోందనిపిస్తే రెండు వారాలు ఆపి పెరుగు ఇచ్చి చూడండి. తేడా లేకపోతే మళ్ళీ పాలు ఇవ్వండి. పరగడుపున టీ, కూల్‌డ్రింకులు, ప్యాకెట్ల తిండి తగ్గించండి. అనుమానంతో ఒక్కొక్కటే మాన్పిస్తూ పోయి, చివరికి అన్నం, చారు మీద బతుకుతున్న పిల్లలను మేము చూశాము. వారికి నొప్పి తగ్గలేదు సరికదా రక్తం తగ్గింది.

నెదర్లాండ్స్‌లో ఇలాంటి పిల్లలకు కళ్ళు మూయించి, నెమ్మదిగా మాట్లాడుతూ, పొట్ట హాయిగా ఉన్నట్లు ఊహించుకునేలా శిక్షణ ఇచ్చారు. 2007లో వచ్చిన ఫలితాల ప్రకారం ఏడాది తరువాత నూటికి 85 మందికి నయమైంది. మామూలు వైద్యం పొందినవారిలో 25 మందికే. అలాంటి శిక్షణ పొందినవారు మన దగ్గర తక్కువ. కానీ రాత్రి పడుకునే ముందు బిడ్డ పొట్టమీద తన చేయి తానే పెట్టుకుని, ఊపిరి పీల్చినప్పుడు చేయి పైకి లేచేలా, వదిలినప్పుడు కిందికి దిగేలా పదిసార్లు చేయించవచ్చు. ఆ తరువాత అవ్వ కథ చెప్పవచ్చు. ఆ పాప అవ్వకు ఈ పని అప్పగించాము. మొదట నమ్మలేదు, తరువాత ఆమే మాకంటే బాగా నేర్పించింది.

రెండు నెలలకు వాళ్ళు మళ్ళీ వచ్చారు. నొప్పి పూర్తిగా పోలేదు. వారానికి ఒకటి రెండుసార్లు వస్తోంది. బడి మాత్రం ఆ రెండు నెలల్లో మూడు రోజులే తప్పింది, అందులో ఒకటి జ్వరానికి.

మీరు ఓపీకి వచ్చేటప్పుడు పాత రిపోర్టులన్నీ తీసుకురండి, మళ్ళీ తీయించే ఖర్చు తప్పుతుంది. ఒక చిన్న నోటుపుస్తకంలో రెండు వారాలపాటు నొప్పి వచ్చిన వేళ, దొడ్డికి పోయిన తీరు, ఆ రోజు బడికి వెళ్ళిందీ లేనిదీ రాసి పెట్టండి. బిడ్డకు కనబడకుండా రాయండి.