నల్లమలలో కాలిదారులు

మన స్త్రీలు యాత్రలకు పోకపోలేదు. కాని పోయి యేమి చూచితిరని యడిగినచో, బండి నిలిచిన చోటులే చెప్పగలరు. పురుషులును పిల్లలును అడవిదారిని దిగి జలపాతము చూచి వచ్చువఱకు సామానుల చెంత గూర్చుండుట మన వంతు. మా యింటను ఇదియే పరిపాటి. గత కార్తికమున శ్రీశైలపయనము నిశ్చయమైనప్పుడు మా అత్తగారు, “కిందటిసారి కారులో కూర్చుని మీ సంచులకు కాపలా కాశాను. ఈసారి నేనూ నడుస్తానమ్మాయీ” అనిరి.

ఆమెకు 72 ఏండ్లు; కుడిమోకాలు నొప్పి. “మెట్లమీద కాలు జారితే ఏం చేస్తామమ్మా?” అని మా వారు అడ్డుపడిరి. ఆమె మాఱు పలుకలేదు. ఆ మౌనమును జూడలేక మేమే వైద్యుని యడిగి, ఆయన సమ్మతించిన పిదప, ఆమె చేతికి కఱ్ఱయు కాళ్లకు పట్టీల చెప్పులును అమర్చితిమి.

హైదరాబాదునుండి శ్రీశైలము ఇంచుమించు 215 కిలోమీటర్లు. మన్ననూరు దాటినది మొదలు దారి నల్లమలలోనే పోవును. అడవిమృగములకు బాధ కలుగకుండుటకై రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు ఇచట వాహనములను పోనీయరు. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాదు పులుల అభయారణ్యము ఇదియే. చెంచులు తరతరములుగ ఈ యడవిలో ‘పెంట’లనబడు చిన్నపల్లెలలో నివసించుచున్నారు. నల్లమద్ది, చిరుమాను, తునికి, వెదురు ఇందు పెరుగును. చిన్ననాడు కావ్యములలోని వనవర్ణనలను కంఠస్థము చేసితిమేగాని, చెట్టును చూపి పేరు చెప్పుమన్న మాకు చేతకాకపోయెను. వెదురు నొక్కదానినే గుర్తించితిమి!

వటవర్లపల్లి కడ పెద్దదారి విడిచి లోనికి పోయినచో మల్లెలతీర్థము. అచట ఇంచుమించు 350 మెట్లు దిగవలెను. మా వారును అబ్బాయియు చరచర దిగిపోయిరి. మేము అమ్మాయితోను అత్తగారితోను 20 మెట్లకొకసారి నిలుచుచు దిగితిమి. నిలిచినప్పుడెల్ల అడవి కొంత కనబడెను. ఒకచోట చెదలపుట్ట, ఒకచోట చెట్టును పెనవేసికొని పైకి ప్రాకిన మోటుతీగ, మఱియొకచోట రెక్కల పురుగు నొకదానిని మోసికొనిపోవు చీమలబారు. నీటిచప్పుడు మొదట వినిపించినది అత్తగారికే. మాటలలో పడిన మాకు వినబడలేదు. వానకాలపు నీరింకను తగ్గనందున బండమీదనుండి ధారలు నిండుగ పడుచుండెను. ఆమె పాదములు నీటిలో నుంచి చాలసేపు కన్నులు మూసికొని కూర్చుండిరి.

అసలు పరీక్ష తిరిగి యెక్కునప్పుడు వచ్చెను. సగము పైబడి యెక్కినపిదప ఆమె కాళ్లు వణకసాగినవి, ముఖము వెలవెలబోయెను, మెట్టుమీదనే కూలబడిరి. మా గుండె జల్లుమనెను. తీసికొని వచ్చినది మేమే గదా! మా వారు ఒక్క కఠినోక్తియు ననలేదు. అది మఱింత బాధించెను. నీళ్లు త్రాగించి, బెల్లపుముక్క నోటికిచ్చి విసరుచుండగా, తలపై మూటతో నెక్కి వచ్చుచున్న చెంచువనిత యొకతె నిలిచి, “పైకి చూడొద్దవ్వా, కాలికాడి మెట్టే చూడు” అని చెప్పి తన దారిని పోయెను. పావుగంటకు అత్తగారు లేచిరి. తల యెత్తక, ఒక్కొక్క మెట్టే లెక్కించుచు పైకి వచ్చిరి. మా వారు చేయి చాచి వెనుకనే నడచిరి.

సాయంకాలమునకు కృష్ణను దాటి, శ్రీశైలము చేరువనున్న ఫాలధార పంచధారకు పోయితిమి. ఆదిశంకరులు అచట తపము చేసిరని చెప్పుదురు. అచటను మెట్లు గలవు. అత్తగారు తామే “ఇక నాకు చాలు, మీరు వెళ్లి రండి” అని పైననే కూర్చుండిరి. తన శక్తికి హద్దు తానే యేర్పఱచుకొనుట వేఱు, ఇతరులు గీత గీయుట వేఱు.

పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమందలి పర్వతప్రకరణమున శ్రీశైలయాత్రికుల వర్ణన గలదు. మా తండ్రిగారు దానిని చదివించినప్పుడు ఆ నడకయందలి శ్రమ మాకు తెలియలేదు. 14వ శతాబ్దమున ప్రోలయవేమారెడ్డి ఈ కొండకు సోపానములు కట్టించెను. నేటికిని ఉగాదికి ముందు కన్నడదేశపు భక్తులు, స్త్రీలును వృద్ధులును సైతము, నాగలూటి, పెద్దచెఱువు, భీమునికొలను మీదుగ కైలాసద్వారమునకు నడచి వత్తురు. కాలిసత్తువ తక్కువవారును చేరవలెననియే గదా పెద్దలు మెట్లు కట్టించుట!

సోదరీమణులారా, మీరును చిన్నదారి నొకదానిని ఎన్నుకొనుడు. దారి తెఱచియున్నదో లేదో అటవీశాఖవారి నడిగి పొండు. దిగుట మోకాళ్లకును, ఎక్కుట గుండెకును శ్రమ; కావున సగము సత్తువ తిరుగుదారికి దాచుకొనుడు. చీర కుచ్చెళ్లు కొంచెము పైకి దోపుకొనుడు. తినుబండారములు కోతుల కంట పడనీయకుడు. కాగితము, సీసా ఏదియు అడవిలో విడువకుడు. నడకలో అందఱికంటె నెమ్మదిగ నడచువారిని ముందుంచుడు.

ఆ రాత్రి మోకాలికి నూనె రాయుచుండగా అత్తగారు, “కిందటిసారి నొప్పి లేదు, చెప్పుకోవడానికీ ఏమీ లేదు” అని నవ్విరి. వేసవి సెలవులకు ఎక్కడికని యిప్పటినుండియే మా వారి నడుగుచున్నారు.