గేటు లోపల ఊరు, గేటు బయట వాడ

అపార్ట్‌మెంట్ సంఘాల సర్వసభ్య సమావేశాల్లో కులం అన్న మాట వినిపించదు. నీటి ట్యాంకర్లు, లిఫ్టు మరమ్మతులు, జనరేటర్ డీజిల్, కార్పస్ ఫండ్, బకాయిదారుల జాబితా, చర్చంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. హైదరాబాద్ పడమటి శివార్లలోని ఒక గేటెడ్ కమ్యూనిటీలో నివసిస్తూ, కొన్నేళ్లుగా ఆ సమావేశాలకు హాజరవుతూ, ఏటా పంచిపెట్టే జమాఖర్చుల పట్టికను ఓపికగా చదువుతున్నవాడిగా నాకు అర్థమైంది ఒకటుంది. అక్కడ కులం గురించి ఎవరూ మాట్లాడరు. కానీ ఖర్చు తగ్గించాలని సభ తీర్మానించిన ప్రతిసారీ ఆ తగ్గింపు కులం నిచ్చెనలో అట్టడుగున ఉన్నవారి మీదనే పడుతుంది.

ఖర్చుల తీరు చూడండి. ఉమ్మడి విద్యుత్తు బిల్లు డిస్కం టారిఫ్‌ను బట్టి వస్తుంది. లిఫ్టుల వార్షిక ఒప్పందం కంపెనీ చెప్పిన ధరకే. వేసవిలో బోర్లు ఎండితే ట్యాంకరు యజమాని అడిగినంత ఇవ్వాల్సిందే. వీటిలో ఏ ధరా సంఘం చేతిలో ఉండదు. చేతిలో ఉండేవి కాపలా, ఊడ్పు, తోటపని, మురుగు. అంటే మనుషులు. అందుకే చదరపు అడుగుకు మరో అర్ధరూపాయి పెంచక తప్పదని కోశాధికారి ప్రకటించిన మరుక్షణం సభ చూపు వాళ్ల మీదికి మళ్లుతుంది. ఎనిమిది గంటల మూడు షిఫ్టులు పన్నెండు గంటల రెండు షిఫ్టులవుతాయి. ఇద్దరు ఊడ్చే బ్లాకును ఒక్కరే ఊడ్వాలి. కొత్త టెండరు పిలిచి, తక్కువకు ఒప్పుకున్న ఏజెన్సీకి పని అప్పగిస్తారు. మనుషులు వాళ్లే, చీపుర్లు అవే. చొక్కా రంగు మారుతుంది, జీతం కొంత తెగుతుంది.

ఈ పనివారంతా దళితులేనని నేను అనడం లేదు. కాపలా పనికి ఒడిశా నుంచి, బిహార్ నుంచి, ఈశాన్యం నుంచి రకరకాల కులాలవారు వస్తున్నారు. తోటపనిలో, ఇంటిపనిలో వెనుకబడిన కులాల స్త్రీలున్నారు. అయితే పని మలినానికి దగ్గరయ్యే కొద్దీ కులాల సంఖ్య తగ్గుతూ వస్తుంది. చెత్త వేరుచేసే చోటికి, మరుగుదొడ్లు కడిగే చోటికి వచ్చేసరికి మిగిలేది రెండు మూడు కులాలు. మురుగు శుద్ధి కేంద్రం గుంతలోకి దిగాల్సి వస్తే ఎవరిని పిలవాలో ఏ బైలాలోనూ రాసి ఉండదు. మేనేజరుకు మాత్రం తెలుసు.

చట్టం తెలియక ఇదంతా జరుగుతోందనుకుందామా? మా సభ్యులకు తెలిసినంత చట్టం చాలామంది వకీళ్లకు తెలియదు. ఉదాహరణకు జీఎస్టీ. సంఘం వార్షిక టర్నోవరు 20 లక్షలు దాటి, సభ్యుడి నెలసరి రుసుము 7,500 రూపాయలు మించితే 18 శాతం పన్ను పడుతుంది. రెండువేల చదరపు అడుగుల ఫ్లాటుకు అడుగుకు 4 రూపాయల చొప్పున 8,000 అయిందనుకోండి. మొత్తం మీద పన్నంటే 1,440 రూపాయలు. 7,500 దాటిన భాగానికే పన్నంటే 90 రూపాయలు. మొత్తం మీద కట్టాల్సిందేనని 2019లో కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. దాటినంత మేరకే చెల్లుతుందని 2021లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పింది. ఈ తీర్పును పేరాల వారీగా వివరించగల సభ్యులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. అందులో తప్పేమీ లేదు, ఎవరి డబ్బు వారికి ముద్దు. కానీ 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం గురించి అడిగి చూడండి. రక్షణ పరికరాలు, ముందుజాగ్రత్తలు లేకుండా మురుగు కాలువలోకి గాని సెప్టిక్ ట్యాంకులోకి గాని మనిషిని దించడాన్ని దాని 7వ సెక్షన్ నిషేధించింది. ఏ వ్యక్తీ, ఏ ఏజెన్సీ, నేరుగా గాని పరోక్షంగా గాని అలా నియమించరాదని స్పష్టంగా చెప్పింది. మొదటి నేరానికే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. కాంట్రాక్టరుకు అప్పగించాం గనుక మాకు సంబంధం లేదనే వాదనకు 'పరోక్షంగా' అన్న ఆ ఒక్క మాటే సమాధానం. మురుగులో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించి, 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. నేను చూసిన ఏ వార్షిక అంచనాలోనూ యంత్రంతో ట్యాంకు శుభ్రం చేయించే ఖర్చుకు ప్రత్యేకంగా పద్దు లేదు. 'ఇతరములు' అనే గడిలో అది కలిసిపోయి ఉంటుంది. మనిషి దిగితే చౌక, యంత్రం వస్తే ఖరీదు. ఆ తేడాయే మనకు మిగులుతున్న సొమ్ము.

ఇక పరిపాలన. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఉమ్మడి భాగాల నిర్వహణను యజమానుల సంఘానికి అప్పగించింది. సంఘాలు ఎక్కువగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందనో, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కిందనో నమోదవుతాయి. సాధారణంగా ఓటు యజమానిది. కిరాయిదారు నెలనెలా నిర్వహణ రుసుము కడతాడు గాని సభలో కూర్చునే హక్కు అతనికి ఉండదు. పదకొండేళ్లు కిరాయికి ఉన్నవాడిగా ఆ విచిత్రం నాకు తెలుసు: నీళ్లు రాకపోతే అధ్యక్షుడికి కాదు, ఇంటి ఓనరుకు చెప్పుకోవాలి. పనివారి సంగతి ఇక అడగనే అక్కర్లేదు. వారు ఏ లిఫ్టు ఎక్కాలో, ఏ గేటున సంచి విప్పి చూపించాలో, ఏ బల్ల మీద కూర్చోకూడదో నిర్ణయించే తీర్మానాలు వారి వెనకే జరిగిపోతాయి. ఇది కులం కాదు, భద్రత అంటారు. భద్రతే అయితే పనిమనిషికీ కొరియర్ కుర్రాడికీ వేరే లిఫ్టు పెట్టి, అదే కంపెనీ చొక్కాతో వచ్చిన ఇంటర్నెట్ ఇంజనీరును పెద్ద లిఫ్టులో ఎక్కించుకోవడం ఎందుకో చెప్పాలి.

పాత ఊళ్లో వాడ ఊరి బయట ఉండేది. పనికి ఊళ్లోకి రావాలి, పొద్దుగూకితే వెళ్లిపోవాలి. ఇక్కడా అంతే. ఆ వెట్టిని పొగడాల్సిన పనిలేదు గాని, అక్కడ కల్లం దగ్గర మేర అడిగే వాడుక ఒకటుండేది. ఇక్కడ ఏజెన్సీ మారితే పదేళ్ల సర్వీసు ఒక్క రోజులో సున్నా అవుతుంది.

గేటు లోపలికి యజమానిగానో కిరాయిదారుగానో రావడం మరో కథ. తెలుగు నేల మీద కులాన్ని బైలాల్లో రాసుకోవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. 'శాకాహారులకు మాత్రమే' అన్న టులెట్ బోర్డు, 'మీ ఇంటిపేరేమిటండీ' అన్న మర్యాదైన ప్రశ్న ఆ పని చేసిపెడతాయి. నా ఇంటిపేరు చెప్పగానే ఇల్లు అప్పటికే ఇచ్చేశామన్న జవాబు వచ్చిన చోట్లు నాలుగైదు గుర్తున్నాయి. రాసుకున్నా కోర్టులు కాదనవేమోనన్న అనుమానానికి ఆధారం ఉంది. అహ్మదాబాద్‌లోని జొరాస్ట్రియన్ సహకార గృహ సంఘం పార్సీలకే సభ్యత్వమన్న తన నిబంధనపై సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2005లో గెలిచింది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చిందని, బైలా సభ్యుల మధ్య ఒప్పందమని ధర్మాసనం భావించింది. 1917లో బరోడాలో ఇల్లు దొరకక పార్సీ పేరుతో ఒక పార్సీ సత్రంలో తలదాచుకున్న అంబేడ్కర్‌ను పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్లగొట్టిన ఉదంతం తెలిసినవారికి ఆ తీర్పు చదువుతున్నప్పుడు ఏమనిపిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం ఉంది కదా అంటారు. ఉంది. అస్పృశ్యత కారణంగా ఏ ప్రాంతంలోనైనా ఇల్లు పొందకుండా, అందులో నివసించకుండా అడ్డుకోవడం దాని 4వ సెక్షన్ కింద నేరం. జైలుతోపాటు విధించే జరిమానా 100 నుంచి 500 రూపాయలు. మా సంఘంలో నిర్వహణ రుసుము ఆలస్యమైతే వేసే అపరాధ రుసుము అంతకంటే ఎక్కువ. పైగా ఇంటిపేరు అడిగాకే ఇల్లు నిరాకరించారని నిరూపించే భారం అద్దె ఇంటికోసం తిరుగుతున్న విద్యార్థి మీద, ఉద్యోగి మీద పడుతుంది. మరోవైపు సియాటిల్ నగర మండలి 2023 ఫిబ్రవరిలో గృహవసతి సహా పలు రంగాల్లో కుల వివక్షను పేరుపెట్టి నిషేధించింది. అక్కడ స్థిరపడిన మన పిల్లలకు ఆ రక్షణ ఉంది. ఇక్కడ వారి పేర కొన్న ఫ్లాటును ఎవరికి అద్దెకివ్వాలో నిర్ణయించేది పాత లెక్కే.

నిర్వహణ రుసుములు ఇంకా పెరుగుతాయి. నీళ్లు, కరెంటు చౌకగా మారే సూచనలు లేవు. కనుక రాబోయే బడ్జెట్ సభల్లో అడగవలసినవి ఇప్పుడే అడగాలి. మురుగు యంత్రాల ఖర్చు 'ఇతరములు' నుంచి బయటికి వచ్చి సొంత పద్దుగా కనిపించాలి. టెండరులో కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్‌ఐ చెల్లింపుల రసీదులు చూపితేనే ఏజెన్సీకి బిల్లు చెల్లించాలి. ఏజెన్సీ మారినా మనుషులను కొనసాగించే షరతు ఉండాలి. ఇవన్నీ కలిపితే మా లెక్కన చదరపు అడుగుకు అర్ధరూపాయికి మించదు. గత ఏడాది క్లబ్‌హౌస్ రంగులకు సభ అంతే మొత్తాన్ని చేతులెత్తి ఆమోదించింది.