షిఫ్టు చూసి ముహూర్తం

జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్ళ పెళ్ళికి ముహూర్తం పంతులుగారే పెడతారు. ఆ ముహూర్తానికి ఎవరెవరు రాగలరో తేల్చేది మాత్రం కంపెనీ షిఫ్టు. పొద్దున్న ఆరింటి నుంచి రెండింటిదాకా ఏ షిఫ్టు, రెండు నుంచి రాత్రి పదిదాకా బీ, పది నుంచి తెల్లారి ఆరింటిదాకా సీ. అర్ధరాత్రి లగ్నమైతే సీ షిఫ్టు వాళ్ళు అక్షింతలు వేయడానికి ఉండరు. సాయంత్రం విందైతే బీ షిఫ్టు వాళ్ళు ఉండరు. శుభలేఖ చేతికి అందగానే మాట అటే మళ్ళుతుంది.

"ఏటి బావా, ఆ వారం నీది ఏ షిఫ్టు?"

"బీ షిఫ్టే. పది దాటాక వస్తాన్లే. నాకో విస్తరి ఉంచమను."

పది దాటాక నిజంగానే వస్తారు. సేఫ్టీ బూట్లు గుమ్మం దగ్గర విప్పి, కాళ్ళు కడుక్కుని పంక్తిలో కూర్చుంటారు. వాళ్ళు వచ్చేదాకా గుండిగలో అన్నం మిగిల్చి ఉంచడం పెళ్ళివారి మర్యాద.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈ ఊరిని జంషెడ్‌పూర్ అనేవాళ్ళు తక్కువ. "మా పెదనాన్న టాటాలో ఉన్నాడు" అంటే చాలు. ఆ టాటాకు వెళ్ళిన పెదనాన్నలు, వాళ్ళ వెనక కాపురానికి వెళ్ళిన పెద్దమ్మలు అక్కడ సంసారాన్ని, పండుగని, చావుని ఎలా నడుపుకున్నారన్నదే ఈ వారం కథ.

రైలు తెచ్చిన చుట్టరికం

టాటా ఉక్కు కర్మాగారం పెట్టడానికి ఇనుప ఖనిజానికి, బొగ్గుకి, నీటికి దగ్గరగా ఉండే చోటు కోసం 1907లో అడవులు పట్టుకు తిరిగినవాళ్ళలో సి.ఎం. వెల్డ్ అనే అమెరికన్‌తో పాటు శ్రీనివాసరావు అనే ఆయన కూడా ఉన్నాడు. కర్మాగారం చరిత్రల్లో ఆ పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది గానీ తెలుగు కళ్ళు అక్కడ కాసేపు ఆగకుండా ఉండవు. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటికి దగ్గర్లో సాక్చి అనే పల్లె దొరికింది. దాని పక్కనే కాళీమాటి రైల్వే స్టేషను. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మె బయటికొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి పట్టాలు దూరదేశపు రణరంగాల దాకా వెళ్ళాక, 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి ఊరికి సంస్థాపకుడు జంషెట్‌జీ టాటా పేరు పెట్టాడు. కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది.

తెలుగువాళ్ళలో ఇంతదూరం ఎక్కువగా ఉత్తరాంధ్ర వాళ్ళే ఎందుకు వెళ్ళారన్న ప్రశ్నకు జవాబు రైలు పటంలో ఉంది. కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న మార్గం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్‌ఆర్) చేతికొచ్చింది. వాల్తేరుకు దక్షిణాన మద్రాసు వాళ్ళ రైలు, ఉత్తరాన బీఎన్‌ఆర్ వాళ్ళది. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకూ, చక్రధర్‌పూర్ రైల్వే కాలనీకీ, టాటా కొలిమికీ మన మనుషుల్ని చేరవేసింది ఆ బీఎన్‌ఆరే. వానలు మొండికేసిన ఏళ్ళలో గంజాం, విశాఖ జిల్లాల రైతుకూలీకి రెండు దారులుండేవి. ఓడెక్కితే రంగూన్, రైలెక్కితే టాటా. 1942లో జపాన్ దెబ్బకు రంగూన్ దారి మూసుకుపోయింది. రైలు దారి ఉండిపోయింది. ఇప్పటికీ రూర్కెలా, సంబల్‌పూర్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విశాఖకు దిగే రైళ్ళలో పచ్చళ్ళ జాడీలు, పలాస జీడిపప్పు, ఎండుచేపల మూటలు ప్రయాణం చేస్తూనే ఉంటాయి. మూటను ఏ బెర్తు కింద పెట్టాలన్న దగ్గర తగవులూ పాతవే.

ఎనిమిది గంటల పనిదినం ఈ కర్మాగారంలో 1912లోనే వచ్చింది. దేశమంతటికీ అది చట్టంగా అమలైంది 1948 ఫ్యాక్టరీల చట్టంతో. కార్మిక చరిత్రలో దాని గొప్ప దానికుంది. ఇల్లాలి వైపు నుంచి చూస్తే మూడు షిఫ్టుల సంసారం మరో రకం కథ. సీ షిఫ్టు చేసొచ్చిన మనిషి పొద్దున్న ఏడింటికి తిని పడుకుంటాడు. రెండు గదుల క్వార్టర్లో పిల్లలు ఎక్కాలు గొణుక్కుంటూ చదవాలి. కుక్కర్ ఈల వేయకూడదు, రేడియో పాడకూడదు. మళ్ళీ వారం షిఫ్టు మారుతుంది, వంటవేళ మారుతుంది, పిల్లలు నాన్నని మెలకువగా చూసే వేళా మారుతుంది. ఒకే ఇంట్లో అన్న ఏ షిఫ్టు, తమ్ముడు బీ షిఫ్టు అయితే వాళ్ళిద్దరూ ఎదురుపడేది ఆదివారమో, చుట్టాలింటి పెళ్ళిలోనో. వేడుక అనేది ఇక్కడ ఎందుకంత ముఖ్యమైందో ఇది తెలిస్తేగాని అర్థం కాదు. సొంత అన్నదమ్ముల్నే ఒక చోట కూర్చోబెట్టాలంటే ఊరందరికీ కలిపి పందిరి వేయాల్సి వచ్చింది.

ఆ పందిరికి చోటు మొదట్నుంచీ ఉంది. కొత్త ఊరికి వెడల్పాటి వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలతో పాటు గుడికీ మసీదుకీ చర్చికీ స్థలాలు ఉంచమని జంషెట్‌జీ 1902లో కొడుకు దొరాబ్జీకి రాశాడు. ఒడియా వాళ్ళకు ఉత్కళ్ అసోసియేషన్, బెంగాలీలకు మిలనీ, మలయాళీలకు కేరళ సమాజం, మనవాళ్ళకు కదమాలో ఆంధ్ర అసోసియేషన్, బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఏర్పడ్డాయి. దక్షిణాది మహిళలు పెట్టుకున్న దక్షిణ భారత మహిళా సమాజం అయితే పెద్ద బడినే నడుపుతోంది. డీబీఎంఎస్ అన్న నాలుగక్షరాల వెనక ఉన్నది ఆ ఆడవాళ్ళేనని అక్కడ చదువుకున్న పిల్లల్లో ఎందరికి తెలుసో.

కంపెనీ లీజు భూముల మీది ఈ ఊరు దశాబ్దాలుగా ఎన్నికైన పురపాలక సంఘం లేకుండానే నడుస్తోంది. నీళ్ళు, దీపాలు, చెత్త అన్నీ కంపెనీవి, దాని అనుబంధ సంస్థవి. కౌన్సిలర్ ఎన్నిక ఎరగని ఊళ్ళో కుల, భాషా సంఘాల కమిటీ ఎన్నికలకు అంత వేడి ఎందుకో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఒకే నెల, రెండు నదీ స్నానాలు

పంచాంగం పక్కన పెట్టుకుని చూస్తే ఈ ఊరి పండుగలు భలే ముచ్చటగా ఉంటాయి. చైత్ర శుద్ధ పాడ్యమి మనకు ఉగాది. వేపపువ్వు, మామిడి పిందె, కొత్త బెల్లం. మూడో రోజు తదియకు ఆదివాసీల సర్హుల్. సాలవృక్షం పూలు తలలో పెట్టుకుని మాదళ్ళ మోతతో వీధుల్లోకి వస్తారు. రెండూ చెట్టు పూతను చూసి చేసుకునే పండుగలే. ఆ తర్వాత ఆరు రోజులకు శ్రీరామనవమి. ఊరంతటికీ అది మహావీరుడి జెండాల, అఖాడాల, కర్రసాముల ఊరేగింపు. తెలుగువాళ్ళకు కల్యాణం, పానకం, వడపప్పు. ఆ ఊరేగింపు ఏ దారిన వెళ్ళాలన్న రగడ 1979 ఏప్రిల్లో మతకల్లోలమై వందమందికి పైగా ప్రాణాలు తీసింది. పానకం బిందెలు కడుగుతున్న పెద్దవాళ్ళ నోట ఆ ఏడాది మాట నేటికీ దొర్లుతుంది.

కార్తిక శుద్ధ చవితి నాడు మన ఆడవాళ్ళు నాగులచవితి చేసి పుట్టలో పాలు పోస్తారు. సరిగ్గా ఆ రోజునే పక్కింటి బీహారీ ఇల్లాలు నదిలో స్నానం చేసి ఛఠ్ వ్రతం మొదలుపెడుతుంది. రెండు రోజుల తర్వాత ఆమె సువర్ణరేఖలో నడుములోతు నీళ్ళలో నిలబడి అస్తమించే సూర్యుడికి అర్ఘ్యమిస్తుంది. మనవాళ్ళు అదే నెలలో నదికి దీపాలు వదిలి, దల్మా కొండ కిందనున్న డిమ్నా చెరువు గట్టుకు వనభోజనాలకు వెళ్తారు. ఉసిరిచెట్టు దొరికితే సరే, దొరకకపోతే కొమ్మ ఒకటి పట్టుకెళ్తారు.

మకర సంక్రాంతికి ఈ ప్రాంతంలో టుసు పరబ్. రంగు కాగితాల చౌడల్‌లు భుజాన పెట్టుకుని పాటలతో నదికి వెళ్తారు. మేళాల్లో కోడిపందేలూ ఉంటాయి. ఈ విషయంలో జార్ఖండ్‌కి గోదావరి జిల్లాలు నేర్పాల్సిందేం లేదు. బియ్యప్పిండిని బెల్లంతో కలిపి నూనెలో వేయించే గుడ్ పీఠా, మన అరిసె చుట్టాలే. క్వార్టర్ల వరసలో ఆ రోజు ఒక పళ్ళెం అటు వెళ్తే ఒక పళ్ళెం ఇటు వస్తుంది. ఖాళీ పళ్ళెం తిరిగివ్వడం తప్పు. అయితే కొత్తబట్టలు చాలా ఇళ్ళలో సంక్రాంతి నుంచి దసరాకు జరిగిపోయాయి. కారణం భక్తి అనుకునేరు. దేశంలో మరెక్కడా లేని రోజుల్లో, 1934లో మొదలైన లాభాల బోనసు దసరా పూజలకు ముందు చేతికందుతుంది.

మార్చి 3 సంగతి వేరు. అది జంషెట్‌జీ పుట్టినరోజు, ఊరంతటికీ ఒకటే పండుగ. 1958లో నెహ్రూ ప్రారంభించిన జూబ్లీ పార్కులో దీపాలు చూడటానికి అన్ని భాషల సంసారాలూ పిల్లల్ని భుజాన వేసుకుని కదులుతాయి. 1989లో, ఆయన 150వ జయంతి వేడుకల్లో గ్యాలరీకి నిప్పంటుకుని దాదాపు 60 మంది పోయారు. ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. ఆ ఇళ్ళకు మార్చి 3 రెండు రకాలుగా గుర్తు.

పదో రోజుదాకా

వేడుకల ఫొటోలు ఆల్బమ్‌లలో ఉంటాయి. ఈ జనం ఒకరికొకరు అసలు ఎలా పనికొచ్చారో చావు ఇంట్లో తెలుస్తుంది. సొంత ఊరు రాత్రీ పగలూ ప్రయాణం. సెల్‌ఫోన్లు లేని కాలంలో టెలిగ్రామ్ అంది, రైలు దొరికి, తమ్ముడు దిగేసరికి దహనం అయిపోయి ఉండేది. పాడె మోసింది డిపార్టుమెంటు వాళ్ళు. కర్రలు, కుండ, కొత్తబట్ట తెచ్చింది సంఘం వాళ్ళు. బిష్టుపూర్ పార్వతీ ఘాట్‌లోనో, భుయియాండీ దగ్గరి సువర్ణరేఖ ఘాట్‌లోనో నిలబడ్డవాళ్ళలో రక్తసంబంధీకుడు ఒక్కడూ లేని రోజులున్నాయి. షిఫ్టు దిగి అటునుంచటే వచ్చినవాళ్ళు ఉన్నారు. పదో రోజుదాకా ఆ ఇంట పొయ్యి వెలగనివ్వకుండా వంతులవారీగా క్యారియర్లు పంపిన పిన్నులు, అత్తలు ఉన్నారు. ఆ పిన్ని ఏ ఊరి పిన్నో, ఏ వరసన అత్తో ఎవరూ అడగలేదు.

అంతమాత్రాన కులం టాటాకి రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. అదీ టికెట్టు కొనుక్కుని అదే రైల్లో వచ్చింది. చావుకి, ఆకలికి, ఆస్పత్రికి పక్కకి తప్పుకుని, పెళ్ళి సంబంధాల దగ్గర మళ్ళీ గుమ్మంలో కూర్చుంది. పిల్లని వెతకాలంటే చాలా ఇళ్ళు నేటికీ పాలకొండ, రాజాం, బొబ్బిలి వైపే చూస్తాయి. మేనరికాలూ అక్కడివే. అలా పల్లె నుంచి దిగిన కొత్తకోడలికి హిందీ ఒక్క ముక్క రాదు. మొదటి ఆర్నెల్లు ఆమెకు బజారు, బస్సు, ఆస్పత్రి అన్నీ పక్క క్వార్టర్ పిన్నే. ఈ ఊరి తెలుగుతనాన్ని తరం తర్వాత తరం కొత్తగా తెచ్చి పోసింది ఈ కోడళ్ళే. సంఘాల చరిత్రల్లో అధ్యక్షుల పేర్లుంటాయి గానీ వీళ్ళ పేర్లుండవు.

కొడుకులు లేని కొలిమి

పాతికేళ్ళ సర్వీసు నిండిన కార్మికుడు కొడుకు పేరు నమోదు చేయించుకుని, వాణ్ణీ కంపెనీలో పెట్టుకునే ఆనవాయితీ ఉండేది. తాత, తండ్రి, మనవడు ఒకే గేటు లోపలికి వెళ్ళిన ఇళ్ళున్నాయి. 1990ల్లో ముందస్తు విరమణ పథకాలు వచ్చాయి, యంత్రాలు మారాయి. ఆ దశాబ్దం మొదట్లో 78 వేల దరిదాపుల్లో ఉన్న సిబ్బంది 2005 నాటికి ఇంచుమించు సగమయ్యారు. ఉక్కు తగ్గలేదు, మనుషులు తగ్గారు. ఇప్పుడు ఆ ఇళ్ళ పిల్లలు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉంటున్నారు. తాత వదిలి వచ్చిన తెలుగునేలకు మనవడు హిందీ యాసతో తిరిగొస్తున్నాడు. హైదరాబాద్ ఆఫీసులో అతన్ని నార్త్ ఇండియన్ అనుకుంటారు.

భాష సంగతి మరీ పలచన. జార్ఖండ్ ప్రభుత్వం 2011లో ద్వితీయ అధికార భాషల జాబితా చేసినప్పుడు సంతాలీ, హో, ముండారీలతో పాటు బెంగాలీ, ఒడియా, ఉర్దూలకూ చోటిచ్చింది. తర్వాత భోజ్‌పురి, మైథిలి చేరాయి. నూరేళ్ళుగా ఆ రాష్ట్రపు ఉక్కు కరిగించిన తెలుగు లేదు. పక్కనే పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ కోర్కె మీద 2020 డిసెంబరులో తెలుగుకి అధికార గుర్తింపు ఇచ్చింది. రెండు ఊళ్ళకూ మధ్య రైల్లో కొన్ని గంటల దూరమే. అక్కడ అడిగారు, ఇక్కడ గట్టిగా అడగలేదు. సంఘాల్లో వర్గపోరుకి పెట్టిన ఓపికలో కొంత ఇటు పెట్టి ఉంటే బాగుండేది. అమరావతిలోని ప్రభుత్వమూ రాంచీతో ఈ మాట ఎత్తాలి. కనీసం బడిలో ఐచ్ఛిక భాషగా చదువుకునే వీలు, పాఠ్యపుస్తకాలు అడగడం పెద్ద కోరిక కాదు.

అది ప్రభుత్వాల పని. మన పని ఒకటుంది. టెక్కలిలోనో చీపురుపల్లిలోనో మీ ఇంటి ట్రంకుపెట్టెలో టాటా నుంచి వచ్చిన ఉత్తరాలు, మనియార్డరు రసీదులు, గేటు పాసులు, సంఘం వార్షికోత్సవపు గ్రూపు ఫొటోలు ఉండే ఉంటాయి. పాత కాగితాలకింద అమ్మేయకండి. ఫోనుతో ఫొటోలు తీసి జంషెడ్‌పూర్‌లోని తెలుగు సంఘానికి పంపండి. గ్రూపు ఫొటోల వెనక పేర్లు రాయించండి, ముఖ్యంగా కుర్చీల వెనక వరసలో నిలబడ్డ ఆడవాళ్ళ పేర్లు. చూసి గుర్తుపట్టగల పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే ఆ పని కానివ్వండి.