కుక్కపిల్లను ఇంటికి తేవాలా? అమ్మ అడిగిన లెక్క

మా హాస్టల్ మెస్ వెనకాల ఒక కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. వాటిలో గోధుమరంగు పిల్ల ఒకటి నా చెప్పుల మీద పడుకోవడం అలవాటు చేసుకుంది. దసరా సెలవులకు దాన్ని బోధన్ తీసుకుపోవాలని ఫిక్స్ అయిపోయి అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ కోప్పడలేదు. "ఏడాదిన్నర అయితే నువ్వు కొలువుకు పోతవు. కుక్క ఎన్నేండ్లు బతుకుతది బిడ్డా?" అని మాత్రం అడిగింది.

మన ఊరకుక్కను ఇంట్లో మంచిగా చూసుకుంటే 12 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. నాకిప్పుడు 20. అంటే నాకు 35 వచ్చేదాకా అన్నమాట. అందులో నేను ఇంట్లో ఉండేది సెలవు రోజులే. పొద్దున ఆరింటికి బయటికి తిప్పడం, అన్నం పెట్టడం, వాంతి చేసుకుంటే కడగడం, నాందేడ్‌లో పెద్దమ్మ వాళ్లింట్ల పెండ్లి అయితే ఒకరు ఇంట్లో ఆగిపోవడం, ఇవన్నీ అమ్మ ఖాతాలోకే పోతాయి. పేరు మాత్రం 'నా కుక్క'.

అమ్మ ఎందుకలా అడిగిందో నాకు తెలుసు. 2015 డిసెంబరులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మూతపడినప్పుడు నేను ఐదో తరగతి. శక్కర్‌నగర్‌లో మాకు తెలిసినవాళ్లు పని వెతుక్కుంటూ హైదరాబాద్ పోయారు. అక్కడ అద్దె ఇంట్లో కుక్క వద్దన్నారట. అది ఖాళీ క్వార్టర్ గేటు దగ్గరే కూర్చునేది. ఏ బండి చప్పుడైనా లేచి చూసేది. మేం అన్నం పెడితే తిని మళ్లీ అక్కడికే పోయేది. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. కొలువు పోతుందని తెలిసి ఎవరూ కుక్కను తెచ్చుకోరు కదా. నాకైతే ఇల్లు విడిచి పోతానని ముందే తెలుసు.

ఇంకో సంగతి చెప్పాలి. ఇంటర్ ఫస్టియర్‌లో ఒకసారి పిల్లను తెచ్చాం. తొమ్మిది రోజులే ఉంది. వాంతులు, తర్వాత రక్తవిరేచనాలు. దిష్టి అన్నారు, వేడి చేసిందన్నారు, మజ్జిగ పట్టాం. పశువుల దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. (తొమ్మిది రోజులున్నదాన్ని మొదటి పెంపుడు జంతువు అనొచ్చో లేదో నాకు తెలీదు.) అవి పార్వో లక్షణాలని తర్వాత చదివితే తెలిసింది. ఆరు వారాల నుంచి ఆరు నెలల వయసు పిల్లల్ని ఈ వైరస్ ఎక్కువగా పట్టుకుంటుంది. పేగు లోపలి పొరను తినేస్తుంది, తెల్లరక్తకణాలను తగ్గించేస్తుంది. మనుషులకు అంటదు. కానీ మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికి ఉంటుంది. మామూలు సబ్బునీళ్లకు చావదు, బ్లీచింగ్ కలిపిన నీళ్లకు చస్తుంది. ఒక పిల్ల పోయిన బాధలో వెంటనే ఇంకోదాన్ని అదే వాకిట్లోకి తెస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

టీకా ఒక్కసారి వేయిస్తే సరిపోదా అని నేనూ అనుకున్నాను. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు పిల్లను కొన్ని వారాలు కాపాడతాయి, అవే టీకాను కూడా పనిచేయనీయవు. అవి ఏ వారంలో తగ్గిపోతాయో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తారు. అది అయ్యేదాకా రోడ్డు మీద, వేరే కుక్కలు తిరిగేచోట వదలకూడదు. మూడు నెలలప్పుడు రేబిస్ సూది వేయించాలి, ఏడాదికి మళ్లీ. జులై 6న ప్రభుత్వ పశువుల దవాఖానల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే తేదీన పాశ్చర్ ఒక పిల్లాడికి మొదటిసారి ఆ టీకా ఇచ్చాడు. ఎనిమిది వారాల లోపు పిల్లను తల్లి దగ్గర్నుంచి తీసుకురాకపోతేనే మంచిది.

నా రూమ్మేట్‌కు ఇదంతా విని విసుగొచ్చింది. "అంత కష్టమెందుకే, చిలకను తెచ్చుకో" అంది. రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇంకో ఫ్రెండ్ రీల్స్ చూసి హస్కీ అంటాడు. కుక్క ఒళ్లు చల్లబడేది ముఖ్యంగా నాలుక బయటపెట్టి రొప్పడం వల్లే. నిజామాబాద్ మే నెల ఎండలో మంచుదేశపు బొచ్చుతో అది ఎంత రొప్పాలి? ఊరకుక్కే నయం.

దసరాకు నేను ఒక్కదాన్నే ఇంటికి పోయాను. అప్పటికి దానికి ఆరు వారాలే. తిరిగొచ్చాక ముగ్గురం డబ్బులేసుకుని ఆటోలో తీసుకుపోయి మొదటి సూది వేయించాం. కార్డు రాస్తున్నాయన "ఓనర్ పేరు?" అన్నాడు. నా పేరు చెప్పబోయి ఆగి, బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "ఇంక సూదులున్నయ్ గదా," అంది చివరికి, "అవి అయినంక చెప్త."

కార్డులో ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.