వడ్లగింజ మొదలు కణము వరకు

వైద్యకళాశాలలలో ప్రవేశము గోరి నీట్ పరీక్షకు సిద్ధపడుచున్న విద్యార్థులకు జీవాణువుల పాఠము రెండుసార్లు ఎదురగును: జీవశాస్త్రమునం దొకసారి, రసాయనశాస్త్రమునందు మరియొకసారి. రెండుచోట్లను పేర్ల పట్టిక కంఠమున నిలిచి, పదార్థము మాత్రము కంటికి కనబడకపోవుట కలదు. కావున మేము పాఠ్యపుస్తకమును కొంచెము ప్రక్కనుంచి, తెనాలి ప్రాంతపు వరిచేలను, వడ్లమూడి యొద్దనున్న సంగం పాల డెయిరీని ఆధారముగా గైకొనుచున్నాము. పిండిపదార్థములు, క్రొవ్వులు, న్యూక్లియోటైడులు, ఈ మూడింటికిని ఆ దారిలోనే తావు గలదు. ఇంట పరీక్షకు చదువు పిల్లలు లేనివారును వినవచ్చును; ఇవి వారి కంచములోని వస్తువులే.

కృష్ణా డెల్టాలో కోతలు, నూర్పిళ్లు ముగిసిన పిమ్మట ధాన్యము గాదెకును, గడ్డి వామికిని చేరును. గాదెలోని గింజయు వామిలోని గడ్డియు ముఖ్యముగా ఒకే ఇటుకతో, అనగా గ్లూకోజుతో, కట్టబడినవి. 6 కర్బన పరమాణువులు, 12 ఉదజని పరమాణువులు, 6 ఆమ్లజని పరమాణువులు గల చిన్న చక్కెర యది. ఒక గ్లూకోజు యొక్క మొదటి కర్బనము ప్రక్క గ్లూకోజు యొక్క నాలుగవ కర్బనముతో ఆల్ఫా బంధముచే కలిసి వరుసగా సాగినచో పిండి యగును. బీటా బంధముచే కలిసినచో సెల్యులోజగును. బంధము తిరిగిన దిక్కు తప్ప వేరు భేదము లేదు. అయినను మన ఉమ్మిలోని ఎమైలేజు అను ఎంజైము మొదటిదానిని తెంచునే గాని రెండవదాని జోలికి పోజాలదు. అన్నపు ముద్దను మ్రింగక కొంతసేపు నమిలినచో నోటికి తగులు తీపి ఆ తెంపుడు ఫలమే. గేదెకు మాత్రము సెల్యులోజును తెంచు శక్తి స్వయముగా నున్నదా? లేదు. దాని పెద్దపొట్టలో కాపురముండు సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి చిన్న చిన్న ఆమ్లములుగా మార్చును. వానిలో ఒకటియైన ఎసిటిక్ ఆమ్లమునుండి గేదె పాలలోని వెన్నను తయారుచేసికొనును. మన మరిగించుకొనలేని గ్లూకోజు మన యింటికి వచ్చు చుట్టుదారి యిది.

పిండిలోను రెండు రకములు గలవు. కొమ్మలు లేనిది ఎమైలోజు, కొమ్మలు గలది ఎమైలోపెక్టిను. మొదటిది హెచ్చుగానున్న బియ్యము పొడిపొడిగా వండును. తగ్గినచో అన్నము ముద్దకట్టును. బాపట్లనుండి 1986లో విడుదలయైన బి.పి.టి. 5204, అనగా మన సాంబమసూరి, ఇంత పేరు గన్నది మెతుకు మెత్తగానే యుండి విడివిడిగా నుండుటచేత నని మా అభిప్రాయము. మన కాలేయమునందును కండరములందును నిలువయుండు గ్లైకోజెను ఎమైలోపెక్టిను వంటిదే, కాని కొమ్మలు మరింత దట్టము. కొమ్మ కొసలు ఎన్ని యున్న అన్నిచోట్ల ఎంజైములు ఒక్కసారిగా పనిచేయగలవు. పరుగెత్తవలసిన జంతువునకు గ్లూకోజు తడవు లేక కావలయును. కదలని మొక్కకు అంత తొందర లేదు.

ఇక పాలకేంద్రము. పాలుపోసిన రైతు చేతికి వచ్చు చీటీలో రెండు అంకెలు ముఖ్యము. ఒకటి వెన్నశాతము, రెండవది వెన్న గాక మిగిలిన ఘనపదార్థముల శాతము. గేదెపాలలో మొదటిది సాధారణముగా 6 నుండి 8 వరకు, రెండవది సుమారు 9 ఉండును. ఆ 9లో సగమునకు పైగా లాక్టోజు, అనగా పాలచక్కెర. గ్లూకోజు, గెలాక్టోజు అను రెండు చక్కెరల జంట యది. ఈ జంటను విడదీయు లాక్టేజు చాలమందికి పెరిగినకొలది తగ్గిపోవును; అట్టివారికి పాలు త్రాగిన కడుపుబ్బరము కలుగును. తోడువేసిన పాలలో సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత భాగమును లాక్టిక్ ఆమ్లముగా మార్చివేయుటచేత వారికే పెరుగు సాధారణముగా సరిపడును. పాలు పడవనియు పెరుగు పడుననియు ముసలివారు చెప్పు మాట చాదస్తము గాదు.

చీటీలోని మొదటి అంకె క్రొవ్వుల లెక్క. గ్లిసరాలు అను మూడు చేతుల అణువునకు మూడు కొవ్వు ఆమ్లములు తగులుకొనగా ట్రైగ్లిసరైడు ఏర్పడును. మూడు నీటి అణువులు వెలువడును. ఆ ఆమ్లముల తోకలు తిన్నగా నున్నచో ఒకదానిపై నొకటి సర్దుకొని గట్టిపడును, నేయి పేరును. జంటబంధముచేత తోక వంగినచో అట్లు సర్దుకొనజాలవు, నువ్వులనూనె చలికాలమునను జారుచుండును. గ్రామొక్కింటికి పిండిపదార్థము ఇచ్చు శక్తి సుమారు 4 కిలోక్యాలరీలు కాగా, క్రొవ్వు 9 ఇచ్చును. వేరుసెనగనూనె పొట్లముపై కొలెస్టిరాలు లేదని పెద్ద అక్షరములతో అచ్చువేయుట చూచుచున్నాము. నిజమే, మొక్కల నూనెలలో అది లెక్కింపదగినంత ఎన్నడును లేదు గనుక, గొప్ప చెప్పుకొనవలసిన పని లేదు. కొలెస్టిరాలు లిపిడు జాతిదే యైనను ట్రైగ్లిసరైడు కాదు. నాలుగు వలయములు పెనవేసికొన్న వేరొక కట్టడము.

ఇచట పరీక్షకులకు ప్రీతిపాత్రమైన ప్రశ్న యొకటి గలదు. పిండి, మాంసకృత్తులు, కేంద్రకామ్లములు చిన్న ఇటుకలు వరుసగా చేరిన గొలుసులు. లిపిడులు అట్టివి కావు, వాని అణుభారము తక్కువ. అయినను జీవకణజాలమును ఆమ్లములో నూరి వడగట్టినప్పుడు లిపిడులు పెద్ద అణువులతోపాటు వడపోతగుడ్డ పైననే నిలిచిపోవును. ఏల? కణపు పొరలు ఫాస్ఫోలిపిడులతో నిర్మితములు. నూరినపుడు ఆ పొరలు ముక్కలై నీటిలో కరగని బుడగలుగా ముడుచుకొనును. నిలిచిపోవునది అణువు కాదు, బుడగ. ఈ సంగతి తెలిసిన విద్యార్థి జవాబును బట్టీపట్ట నక్కరలేదు.

న్యూక్లియోటైడుల సంగతికి వచ్చుసరికి తెలుగువారికి పరాయి ఉదాహరణము అవసరము లేదు. యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గట్టెక్కిరి. వారి యిద్దరు సోదరులు స్ప్రూ అను ప్రేవుల వ్యాధిచేత కొద్ది దినముల వ్యవధిలో మరణించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదివి, ఎం.బి.బి.ఎస్. గాక ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటపడి, 1922లో బోస్టను చేరిరి. అచట హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, ద్రవమునందు తేలు నీలిరంగు గాఢతనుబట్టి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కొలత చేతికి వచ్చినది గనుక కండరములోని భాస్వరము ఎక్కడ దాగియున్నదో వెదకుట సాధ్యమైనది. 1927లో ఫాస్ఫోక్రియాటిను, 1929లో ఎ.టి.పి. బయటపడినవి. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా ఎ.టి.పి.ని కనుగొనెను.

ఎ.టి.పి. ఒక న్యూక్లియోటైడే. దానిని మెట్టుమెట్టుగా కట్టి చూతము. అడెనీను అనునది నత్రజని గల క్షారము. దానికి రైబోజు అను అయిదు కర్బనముల చక్కెర చేరినచో అడెనోసిను, ఇది న్యూక్లియోసైడు. ఒక ఫాస్ఫేటు చేరినచో అడెనిలిక్ ఆమ్లము, ఇది న్యూక్లియోటైడు. మరి రెండు ఫాస్ఫేటులు చేరినచో ఎ.టి.పి. ఋణవిద్యుత్తు గల మూడు ఫాస్ఫేటులు పెనుగులాడుచు ఒకచోట నిలిచియుండును; కొనయందలి దానిని నీటితో విడగొట్టినచో శక్తి వెలువడును. అన్నమునందలి గ్లూకోజును, నేతిలోని క్రొవ్వును శరీరము దహించుట ముఖ్యముగా ఈ కొన ఫాస్ఫేటును తిరిగి అతికించుటకే. చక్కెరలో రెండవ కర్బనము వద్ద ఒక ఆమ్లజని లోపించినచో డీఆక్సీరైబోజు. అట్టి న్యూక్లియోటైడులు గొలుసుగా సాగినచో డి.ఎన్.ఎ. అడెనీనునకు ఎదుట థైమీను రెండు ఉదజని బంధములతోను, గ్వానీనునకు ఎదుట సైటొసీను మూడింటితోను నిలుచును. ఆర్.ఎన్.ఎ.లో థైమీను స్థానమున యురాసిలు వచ్చును.

కణము రెండుగా చీలవలెనన్న డి.ఎన్.ఎ. రెట్టింపు కావలెను, అందుకు క్రొత్త న్యూక్లియోటైడులు కావలెను, థైమీను గల న్యూక్లియోటైడును చేయుటకు ఒక కర్బనమును తెచ్చియిచ్చు కూలీ ఫోలిక్ ఆమ్లము. సుబ్బారావుగారు 1940లో లెడర్లే ప్రయోగశాలలకు మారిరి. వారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది చికిత్సలో భాగమైనది. పిమ్మట ఆ బృందమే ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని చెడగొట్టు మందులను తయారుచేసినది. వానిలో అమినోప్టెరిను నిచ్చి బోస్టనులో సిడ్నీ ఫార్బరు రక్తక్యాన్సరు పిల్లలలో తాత్కాలికమైన మెరుగుదల కనబడినదని 1948లో ప్రకటించెను. అంతవరకు ఆ పిల్లలకు చేయదగిన చికిత్స దాదాపు లేదు. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు న్యూయార్కున మరణించిరి.

దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేటు నేటికిని రక్తక్యాన్సరునకును, తక్కువ మోతాదులో కీళ్లవాతమునకును వాడబడుచున్నది. కీళ్లవాతమునకు ఇచ్చునపుడు, శరీరములోని ఆరోగ్యకణములు న్యూక్లియోటైడుల కరవున నలగకుండుటకై వైద్యులు దానితోపాటు ఫోలిక్ ఆమ్లపు మాత్రను కూడ వ్రాయుదురు.